కడుపుతో ఉన్నప్పుడు ఇమ్యూనిటీ నిజంగా తగ్గుతుందా?

నెల తప్పిందని తెలియగానే ఇంటాబయటా ఒక హెచ్చరిక మొదలవుతుంది: "ఇప్పుడు ఇమ్యూనిటీ తక్కువగా ఉంటుంది, జాగ్రత్త." పెద్దవాళ్ళు అంటారు, యూట్యూబ్ వీడియోల్లో అంటారు, ఒక్కోసారి క్లినిక్‌లోనూ అంటారు. దీని వెనక ఉన్న తర్కం వినడానికి బాగానే ఉంటుంది. బిడ్డలో సగం జన్యువులు తండ్రివి, అంటే తల్లి ఒంటికి ఆ సగం పరాయిదే. పరాయి కిడ్నీ పెడితే శరీరం ఒప్పుకోదు కాబట్టి, బిడ్డను తొమ్మిది నెలలు మోయాలంటే రోగనిరోధక శక్తిని అణిచిపెట్టక తప్పదన్నది ఆ తర్కం. గత ముప్ఫై ఏళ్ళలో తెలిసిన సంగతుల ముందు ఈ మాట నిలబడదు. ఆరోగ్యంగా సాగే గర్భంలో రోగనిరోధక వ్యవస్థ పడుకోదు. కొన్ని వారాల్లో రేగుతుంది, కొన్ని నెలలు నెమ్మదిస్తుంది, నెలలు నిండే వేళకు మళ్ళీ రేగుతుంది. అదీ ఒళ్ళంతా ఒకేలా జరగదు. గర్భసంచిలో ఒక తీరు, రక్తంలో మరో తీరు.

ఈ మార్పులను నడిపేవి సైటోకైన్లు. ఇవి చిన్న ప్రోటీన్లు. ఒక కణం వీటిని విడుదల చేస్తే పక్క కణం అందుకుని తన పని మార్చుకుంటుంది. కోవిడ్ రోజుల్లో ఐఎల్-6 పరీక్ష రాయించుకున్న కుటుంబాలకు ఈ పేరు కొత్త కాదు. ఇంటర్‌ల్యూకిన్-6 అనే ఆ సైటోకైన్ విపరీతంగా పెరిగితే దాని ప్రభావాన్ని ఆపడానికే టోసిలిజుమాబ్ ఇంజెక్షన్ కోసం జనం పరుగులు పెట్టారు. అందువల్ల సైటోకైన్ అంటే ప్రమాదం అన్న ముద్ర పడిపోయింది. అదే ఐఎల్-6 ప్రతి మామూలు కాన్పులోనూ పెరుగుతుంది. పెరగాలి కూడా.

అసలు ప్రశ్నను సూటిగా అడిగినవాడు బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెడావర్. చర్మం అతికించే శస్త్రచికిత్సల్లో పరాయి చర్మాన్ని శరీరం ఎందుకు ఒప్పుకోదో తేల్చాడు; దాన్ని ఒప్పుకునేలా చేయవచ్చని చూపినందుకు 1960లో నోబెల్ బహుమతి పంచుకున్నాడు. పరాయి చర్మాన్ని కొద్ది రోజుల్లో వదిలించుకునే శరీరం బిడ్డను ఎలా మోస్తోందని 1953లో అడిగి, మూడు జవాబులు ఊహించాడు. తల్లీబిడ్డల మధ్య అడ్డుగోడ ఉండొచ్చు. పిండం ఇంకా పరాయి గుర్తులు చూపించే దశకు రాకపోవచ్చు. లేదా తల్లి రోగనిరోధక వ్యవస్థే స్తబ్దంగా మారి ఉండొచ్చు. ప్రశ్న గొప్పది. జవాబుల్లో మూడోది మాత్రం జనంలో పాతుకుపోయింది, అదే ఎక్కువ పొరపాటు.

అది పొరపాటని చూపే రుజువు మన ప్రసూతి ఆసుపత్రుల్లో రోజూ కనిపిస్తుంది. తల్లి బ్లడ్ గ్రూపు నెగటివ్ అయితే 28వ వారంలో ఒకసారి, పుట్టిన బిడ్డది పాజిటివ్ అని తేలితే కాన్పయిన 72 గంటల్లోపు మరోసారి యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తారు. ఎందుకంటే బిడ్డ రక్తకణాలు కొన్ని తల్లి రక్తంలో కలిస్తే, ఆమె శరీరం వాటిని గుర్తుపట్టి యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. తర్వాతి కాన్పులో ఆ యాంటీబాడీలు బిడ్డ రక్తకణాలను పగలగొడతాయి. తల్లి ఇమ్యూనిటీ నిజంగా నిద్రపోతూ ఉంటే ఈ ఇంజెక్షన్‌తో పనే ఉండదు. అడ్డుగోడ ఊహ కూడా ఇక్కడే వీగిపోయింది.

తర్వాత వచ్చిన పెద్ద ఆలోచన 1993 నాటిది. థామస్ వెగ్‌మన్, టిమ్ మోస్‌మన్ బృందం ఒక ప్రతిపాదన చేసింది. సహాయక టీ కణాల్లో, అంటే మిగతా రోగనిరోధక కణాలకు దారి చూపే తెల్ల రక్తకణాల్లో, రెండు ధోరణులు ఉంటాయి. ఒకటి టీహెచ్1: ఇంటర్‌ఫెరాన్-గామా, టీఎన్ఎఫ్ లాంటి సైటోకైన్లు వదులుతూ కణాల లోపల దాగిన శత్రువును చంపే పనిలో ఉంటుంది. రెండోది టీహెచ్2: ఐఎల్-4, ఐఎల్-5 లాంటివి వదులుతూ యాంటీబాడీల తయారీకి ఊతమిస్తుంది. గర్భంలో తూకం టీహెచ్2 వైపు ఒరుగుతుందని, అందుకే పిండం మీద దాడి జరగదని వాళ్ళ వాదన.

రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే తిరగబడే కొన్ని జబ్బుల్లో రోగుల అనుభవాలు దీనికి చక్కగా సరిపోయాయి. కీళ్ళవాతం (రుమటాయిడ్ ఆర్థరైటిస్) ఉన్న స్త్రీలకు గర్భంలో నొప్పులు తగ్గుతాయని అమెరికన్ డాక్టర్ ఫిలిప్ హెంచ్ 1938లోనే రాశాడు. ఆ ఉపశమనం వెనక ఏ పదార్థం ఉందోనన్న అన్వేషణ ఆయన్ను కార్టిసోన్ దాకా, 1950 నోబెల్ దాకా తీసుకెళ్ళింది. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు విషయంలో లెక్కలు ఇంకా స్పష్టంగా ఉన్నాయి. 1998లో వెలువడిన యూరప్ అధ్యయనం 254 మంది స్త్రీలను గమనించింది. గర్భానికి ముందు ఏడాదికి సగటున 0.7 సార్లు తిరగబెట్టిన జబ్బు, చివరి మూడు నెలల్లో 0.2కు దిగింది. కాన్పు తర్వాత మొదటి మూడు నెలల్లో 1.2కు ఎగబాకింది. ఈ రెండు జబ్బులకూ టీహెచ్1 తరహా మంటే (ఇన్‌ఫ్లమేషన్) మూలమని అప్పట్లో అనుకునేవారు. యాంటీబాడీలతో ముడిపడిన లూపస్ అనే ఇలాంటి మరో జబ్బు మాత్రం గర్భంలో తగ్గకపోగా కొందరిలో రేగుతుంది. అదీ సిద్ధాంతానికి అనుకూలంగానే కనిపించింది.

కానీ చిక్కులు త్వరగానే బయటపడ్డాయి. టీహెచ్2 వర్గానికి చెందిన నాలుగు సైటోకైన్లు (ఐఎల్-4, 5, 9, 13) అసలే లేకుండా పెంచిన ఎలుకలు కూడా మామూలుగానే ఈనాయని 2002లో తేలింది. టీహెచ్1కు గుర్తుగా భావించే ఇంటర్‌ఫెరాన్-గామా తొలి నెలల్లో గర్భసంచిలో అవసరమైన పనే చేస్తోందని కూడా తెలిసింది. ఒక్క తూకంతో తొమ్మిది నెలల్ని కొలవడం కుదరదు.

తొలి నెలల సంగతి కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఎక్కువ అపోహలు ఇక్కడే ఉన్నాయి. ఫలదీకరణ జరిగిన ఆరు నుంచి పది రోజుల మధ్య పిండం గర్భసంచి లోపలి పొరకు అతుక్కుని, అందులోకి చొచ్చుకుపోతుంది. కణజాలం చీలుతుంది, తిరిగి అల్లుకుంటుంది. గాయం మానేటప్పుడు కనిపించే సైటోకైన్లే ఇక్కడా కనిపిస్తాయి: ఐఎల్-6, ఐఎల్-8, టీఎన్ఎఫ్. ఎల్ఐఎఫ్ అనే ఇంకో సైటోకైన్ లేని ఆడ ఎలుకల్లో పిండం అతుక్కోనే లేదని 1992లో చూపించారు. అంటే గర్భం మొదలయ్యేదే ఒక అదుపులో ఉన్న వాపుతో. ఆ వాపు లేకపోతే పిండం నిలవదు.

ఆ సమయంలో గర్భసంచి లోపలి పొరలో ఉన్న తెల్ల రక్తకణాల్లో దాదాపు 70 శాతం ఒకే రకానివి. వాటి పేరు గర్భాశయ ఎన్‌కే కణాలు. ఎన్‌కే అంటే నేచురల్ కిల్లర్. పేరు చూసి కొన్ని సంతాన సాఫల్య కేంద్రాల్లో జంటలకు పుట్టించే భయం అంతా ఇంతా కాదు. "మీ కిల్లర్ సెల్స్ ఎక్కువున్నాయి, అవి పిండాన్ని చంపుతున్నాయి" అని చెప్పి, రక్తపరీక్ష చేసి, ఖరీదైన డ్రిప్పులు ఎక్కిస్తారు. రక్తంలో తిరిగే ఎన్‌కే కణాలు వేరు, గర్భసంచిలో ఉండేవి వేరు. రక్తంలో వాటి లెక్క చూసి లోపల ఏం జరుగుతోందో చెప్పలేం. గర్భసంచిలో ఉన్నవి చంపే పనికి పెద్దగా పూనుకోవు. రక్తనాళాలను పెంచే పదార్థాలు, ఇంటర్‌ఫెరాన్-గామా, ఐఎల్-8 వదులుతూ గర్భసంచికి రక్తం మోసే సన్నని ధమనుల రూపు మార్చడంలో సాయపడతాయి.

ఆ ధమనులు వందకు పైనే ఉంటాయి. స్ప్రింగుల్లా మెలికలు తిరిగి ఉంటాయి, గోడలకు కండరం ఉంటుంది, బిగుసుకోగలవు. గర్భంలో ఆ కండరం కరిగిపోతుంది. మాయ నుంచి వచ్చిన ట్రోఫోబ్లాస్ట్ కణాలు గోడల్లోకి చేరి ఆ చోటును ఆక్రమిస్తాయి. నాళం మూతి చాలా రెట్లు వెడల్పై ఇక బిగుసుకోలేని స్థితికి వస్తుంది. అందుకే నెలలు నిండే సరికి గర్భసంచికి నిమిషానికి అర లీటరుకు పైగా రక్తం నిలకడగా అందుతుంది. ఈ పని ఐదో నెల వచ్చేసరికి దాదాపు ముగియాలి. అరకొరగా మిగిలిపోతే బిడ్డ ఎదుగుదల తగ్గడం, తల్లికి బీపీ పెరిగి మూత్రంలో ప్రోటీన్ పోయే ప్రీఎక్లాంప్సియా లాంటివి తర్వాత బయటపడతాయి. ఏడో నెలలో కనిపించే జబ్బుకు విత్తనం చాలాసార్లు మూడో నెలలోనే పడుతుందన్నమాట.

దాడి చేసే టీ కణాలు మరి అక్కడికి ఎందుకు రావు? రావాలంటే వాటిని పిలిచే సంకేతాలు ఉండాలి. కీమోకైన్లు అనే సైటోకైన్లు ఆ పిలుపు పని చేస్తాయి. గర్భం నిలిచాక ఆ పొరలోని కణాలు పిలుపు పంపే జన్యువులనే మూసేసుకుంటాయని 2012లో ఎలుకల మీద జరిగిన ప్రయోగం చూపించింది. టీ కణాల శక్తి ఎక్కడా తగ్గలేదు, వాటికి కబురే అందలేదు. పైగా చొచ్చుకొచ్చే ట్రోఫోబ్లాస్ట్ కణాలు మామూలు గుర్తింపు ప్రోటీన్లలో కొన్నిటిని దాచేసి, హెచ్ఎల్ఏ-జీ అనే అరుదైనదాన్ని బయటికి చూపిస్తాయి. దాన్ని చూసిన ఎన్‌కే కణం దాడికి దిగదు.

వేవిళ్ళ గురించి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. విపరీతమైన వాంతులతో ఆసుపత్రిలో చేరే గర్భిణులను "మనసులో ఏదో టెన్షన్ పెట్టుకుంది" అని తేల్చేసిన రోజులు చాలా ఉన్నాయి. 2023 డిసెంబరులో మార్లీనా ఫెజ్జో, స్టీఫెన్ ఓరాహిలీ బృందం వెలువరించిన పరిశోధన అసలు కారణాన్ని చూపించింది. జీడీఎఫ్15 అనే సంకేత ప్రోటీన్‌ను పిండం తరఫు కణాలు, ముఖ్యంగా మాయ, పెద్ద మొత్తంలో తయారుచేసి తల్లి రక్తంలోకి పంపుతాయి. అది మెదడు అడుగుభాగంలో వికారం పుట్టించే చోటును తాకుతుంది. గర్భానికి ముందు రక్తంలో జీడీఎఫ్15 తక్కువగా ఉన్న స్త్రీలకు ఈ కొత్త పోటు తట్టుకోవడం కష్టం. బీటా తలసేమియా ఉన్నవాళ్ళ రక్తంలో అది ఎప్పుడూ ఎక్కువే, అందుకే వాళ్ళకు వేవిళ్ళు తక్కువ. ఏళ్ళ తరబడి తల్లి మనసు మీద వేసిన నింద అలా ఒక ప్రోటీన్ లెక్కగా తేలింది.

నాలుగో నెల నుంచి ఏడో నెల దాకా వేవిళ్ళు తగ్గి, ఒళ్ళు కుదుటపడే కాలం. సైటోకైన్ల లోకంలోనూ ఇది నెమ్మది కాలమే. ఐఎల్-10, టీజీఎఫ్-బీటా లాంటి చల్లార్చే సంకేతాలది పైచేయి అవుతుంది. మిగతా టీ కణాలను అదుపులో పెట్టే నియంత్రక టీ కణాలు పెరుగుతాయి. వీటిని కనిపెట్టి, అవి పనిచేసే తీరు తేల్చినందుకే 2025 వైద్య నోబెల్ షిమోన్ సకగూచి, మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లకు దక్కింది. ఎలుకల్లో ఈ కణాలను తీసేస్తే తండ్రి పోలికలున్న పిండాలు నిలవలేదు. ప్రొజెస్టిరోన్ హార్మోన్ కూడా ఈ చల్లార్చే వైపే నెడుతుంది.

అయితే ఇదే కాలంలో రక్తం చూస్తే వేరే కథ. న్యూట్రోఫిల్స్, మోనోసైట్స్ లాంటి ముందువరుస కణాలు మామూలు మనిషిలో కంటే ఎక్కువ ఉంటాయి, ఎక్కువ ఉద్రేకంగా ఉంటాయి. ఇన్ఫెక్షన్ ఒళ్ళంతా ముదిరి ప్రాణం మీదికి వచ్చిన (సెప్సిస్) రోగుల రక్తకణాల్లో కనిపించే మార్పులకు దగ్గరగా ఉన్నాయని 1998లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రాశారు. ఆరోగ్యంగా ఉన్న గర్భిణుల గురించే ఆ మాట. తేడాలు గుర్తుపెట్టుకుని దాడిచేసే విభాగానికి కొంత కళ్ళెం పడితే, వచ్చినదాన్ని వచ్చినట్టు ఎదుర్కొనే విభాగం మరింత అప్రమత్తమవుతుంది.

ఇదంతా ఎంత క్రమం తప్పకుండా జరుగుతుందో స్టాన్‌ఫర్డ్ బృందం 2017లో చూపించింది. గర్భిణుల రక్తాన్ని మూడు త్రైమాసికాల్లోనూ, కాన్పు తర్వాతా తీసుకుని, ఒక్కో కణంలో సంకేతాలు ఎలా నడుస్తున్నాయో కొలిచారు. ఆ కొలతలను బట్టి గర్భం వయసును అంచనా వేయగలిగారు. టీ కణాల్లో ఐఎల్-2కు స్పందించే స్టాట్5 అనే సంకేత మార్గం వారం వారం బలపడటం అందులో ముఖ్యమైన ఆనవాలు. కుదురైన గడియారం లేకపోతే అలాంటి అంచనా సాధ్యపడదు.

ఇన్ని అధ్యయనాలున్నా సైటోకైన్ల అంకెలు ఒకదానితో ఒకటి ఎందుకు పొసగవన్నది న్యాయమైన ప్రశ్న. ఒకరు ఐఎల్-10 పెరిగిందంటారు, ఇంకొకరు మారలేదంటారు. రక్తంలో వీటి మోతాదు మిల్లీలీటరుకు కొన్ని పికోగ్రాములే, అంటే గ్రాములో లక్ష కోట్లవ వంతులు కొన్ని. చాలా వాటిని యంత్రం పట్టనైనా పట్టదు. రక్తం తీశాక ట్యూబు బల్ల మీద ఎక్కువసేపు ఉంటే అంకె మారుతుంది. గర్భిణి రక్తంలో ద్రవభాగం 40 నుంచి 50 శాతం పెరుగుతుంది కాబట్టి, తయారీ తగ్గకపోయినా చిక్కదనం తగ్గి అంకె పడిపోయినట్టు కనిపిస్తుంది. బరువు, వయసు, పంటి చిగుళ్ళ ఇన్ఫెక్షన్ లాంటివన్నీ అంకెను కదిలిస్తాయి. వేర్వేరు స్త్రీలను వేర్వేరు నెలల్లో ఒక్కసారి చూసిన అధ్యయనం కంటే, అదే స్త్రీని నెలనెలా చూసిన అధ్యయనానికే ఎక్కువ విలువ ఇవ్వాలి.

ఆ అంకెల చిక్కు సామాన్య కుటుంబాలకు ల్యాబ్ రిపోర్టు రూపంలో ఎదురవుతుంది. ఆరో నెలలో రక్తపరీక్ష చేయిస్తారు. తెల్ల రక్తకణాలు 13,500. పక్కన మామూలు హద్దు 4,000 నుంచి 11,000 అని అచ్చయి ఉంటుంది, అంకె బోల్డుగా, దానికి 'హెచ్' గుర్తు. ఒంట్లో మంటను సూచించే ఈఎస్ఆర్ 55, దానికీ 'హెచ్'. అలాంటిదే అయిన సీఆర్‌పీ హద్దుకు కాస్త పైన. రిపోర్టు వాట్సాప్‌లో తిరుగుతుంది, ఇన్ఫెక్షనేమో అని ఇల్లంతా కంగారు. ఆ హద్దులు గర్భం లేనివాళ్ళవి. గర్భిణికి తెల్లకణాలు 15,000 దాకా ఉండటం మామూలే, కాన్పు నొప్పుల్లో 25,000 దాటినా ఆశ్చర్యం లేదు. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్ పెరగడం వల్ల ఈఎస్ఆర్ ఎలాగూ పెరుగుతుంది, రక్తహీనత ఉంటే ఇంకా పెరుగుతుంది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 52.2 శాతం గర్భిణులకు రక్తహీనత ఉంది. అందువల్ల గర్భంలో ఈఎస్ఆర్ చూసి తేల్చగలిగేది దాదాపు ఏమీ లేదు. జ్వరం, మూత్రంలో మంట, దుర్వాసనతో తెల్లబట్ట, బిడ్డ కదలికలు తగ్గడం లాంటి లక్షణాలుంటే మాత్రం అంకె ఎలా ఉన్నా వెంటనే డాక్టరుకు చూపించాలి. గర్భిణుల హద్దులను రిపోర్టులో విడిగా అచ్చువేయడం ల్యాబులకు పెద్ద పని కాదు, వేసి తీరాలి.

మరి గర్భిణులకు కొన్ని జబ్బులు అంత తీవ్రంగా ఎందుకు వస్తాయి? ప్రతి జబ్బుకూ కారణం వేరు. 2009లో వచ్చిన స్వైన్ ఫ్లూ గర్భిణులను గట్టిగా దెబ్బతీసింది. గర్భిణుల ఎన్‌కే కణాలు, టీ కణాలు ఫ్లూ వైరస్‌కు మామూలు స్త్రీల కణాల కంటే ఎక్కువగా స్పందించాయని 2014లో అమెరికాలో చేసిన ప్రయోగం చూపించింది. ఊపిరితిత్తులకు ఆ అతి స్పందనే చేటు కావచ్చు. మన దేశంలో కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఇ కామెర్లు చివరి నెలల్లో సోకితే నూటికి ఇరవై దాకా ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. మలేరియా లెక్క మరోరకం. ఫాల్సిపారం అనే మలేరియా క్రిమి సోకిన రక్తకణాలు మాయలోని ఒక చక్కెర పదార్థానికి అతుక్కుంటాయి. మాయ అంతకుముందు లేని అవయవం, అలా అతుక్కునే రకం క్రిమికి తల్లి దగ్గర యాంటీబాడీలు ఉండవు. అందుకే తొలిచూలులో ప్రమాదం ఎక్కువ, తర్వాతి కాన్పుల్లో తగ్గుతుంది. విశాఖ మన్యం లాంటి చోట్ల ఈ తేడా చాలా ముఖ్యం. "ఇమ్యూనిటీ తక్కువ" అన్న ఒక్క మాట ఇన్ని వేర్వేరు కారణాలను కప్పేస్తుంది. టీకా విషయంలో ఇంకా నష్టం చేస్తుంది. ఇమ్యూనిటీ తక్కువైతే టీకా పనిచేస్తుందా అని మానేసేవాళ్ళున్నారు. గర్భిణి శరీరం టీకాకు చక్కగా యాంటీబాడీలు తయారుచేస్తుంది, వాటిని మాయ గుండా బిడ్డకు కూడా పంపుతుంది. ధనుర్వాతం టీకా పసికందులను కాపాడుతున్నది ఆ దారిలోనే.

తొమ్మిదో నెలలో గాలి మళ్ళీ మారుతుంది. గర్భాశయ ముఖద్వారంలోకి, ఉమ్మనీటి సంచి పొరల్లోకి తెల్లకణాలు వచ్చి చేరతాయి. ఐఎల్-1 బీటా, ఐఎల్-6, ఐఎల్-8 పెరుగుతాయి. ఇవి నొప్పులు తెప్పించే ప్రోస్టాగ్లాండిన్ల తయారీని పెంచుతాయి, గట్టిగా ఉన్న ముఖద్వారంలోని కొల్లాజెన్‌ను కరిగించే ఎంజైములను రప్పిస్తాయి. నొప్పులు రావడానికి వారాల ముందే ఈ మలుపు మొదలవుతుంది. స్టాన్‌ఫర్డ్ బృందం 2021లో 63 మంది గర్భిణుల రక్తాన్ని చివరి వంద రోజులపాటు గమనించి, నొప్పులకు రెండు నుంచి నాలుగు వారాల ముందు ఈ మార్పును పట్టుకుంది. అప్పుడు మంటను పెంచే సంకేతాలతో పాటు వాటిని అదుపు చేసే సంకేతాలు కూడా పెరిగాయి. ఐఎల్-33 అనే మంట సంకేతాన్ని అడ్డుకునే ఐఎల్-1ఆర్4 అలా ఎగబాకినవాటిలో ముఖ్యమైనది.

మూత్రంలోనో, గర్భాశయ ద్వారంలోనో ఇన్ఫెక్షన్ చేరితే ఇదే మీట ఏడో నెలలోనే పడుతుంది. నెలలు నిండని కాన్పుల్లో కొన్నిటికి మూలం అదే. 2020లో భారతదేశంలో దాదాపు 30 లక్షల మంది బిడ్డలు నెలలు నిండకుండా పుట్టారు, ప్రపంచంలో మరే దేశంలోనూ అంతమంది లేరు. రెండు నుంచి నాలుగు వారాల ముందు దొరికే సంకేతం ఇక్కడ ఎంత విలువైందో ఆ అంకె చెబుతుంది. బిడ్డ ఊపిరితిత్తులు బలపడే ఇంజెక్షన్ ఇవ్వడానికి, నవజాత శిశు విభాగం ఉన్న ఆసుపత్రికి చేర్చడానికి ఆ వ్యవధి సరిపోతుంది. కానీ అమెరికా స్త్రీల కొలతలు తెచ్చి మనవాళ్ళకు అతికిస్తే కుదరదు. రక్తహీనత, పోషణ, ఇన్ఫెక్షన్లు అన్నీ వేరు. హర్యానాలోని గురుగ్రామ్ సివిల్ ఆసుపత్రిలో 2015లో మొదలైన గర్భ్-ఇని అధ్యయనం వేలమంది గర్భిణులను తొలి నెలల నుంచి కాన్పు దాకా గమనిస్తూ రక్త నమూనాలు భద్రపరుస్తోంది. అలాంటిది దక్షిణాదిలోనూ రావాలి.

మాయ బయటపడ్డ గంటల్లోనే తొమ్మిది నెలల ఏర్పాటు సడలడం మొదలవుతుంది. ప్రొజెస్టిరోన్ ఒక్కసారిగా పడిపోతుంది, చల్లార్చే సంకేతాలు వెనక్కి తగ్గుతాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్ 1.2కు ఎగబాకింది ఈ కాలంలోనే. కీళ్ళవాతం తిరగబెట్టేదీ, కొందరు బాలింతలకు థైరాయిడ్ వాపు వచ్చేదీ ఇప్పుడే. గుండెదడ, తర్వాత విపరీతమైన నీరసం, దిగులు కనిపిస్తే పచ్చి బాలింత కదా మామూలేనని తోసేస్తుంటారు, ఒక్క టీఎస్‌హెచ్ పరీక్షతో తేలే విషయం అది. తెలుగు ఇళ్ళలో తొలికాన్పు పుట్టింట్లో కాబట్టి, కీళ్ళవాతానికి చూసే డాక్టరు హైదరాబాదులో ఉంటే బాలింత మూడో నెల వచ్చేదాకా వేరే ఊళ్ళో ఉండిపోతుంది. జబ్బు రేగే అవకాశం ఎక్కువగా ఉన్న వారాలు సరిగ్గా అవే. పాలిచ్చేటప్పుడు ఏ మందులు వాడొచ్చో, వేళ్ళు బిగుసుకోవడం మొదలైతే ఎవరికి ఫోన్ చేయాలో ఎనిమిదో నెలలో పుట్టింటికి బయల్దేరే ముందే ఆ డాక్టరు చేత రాయించుకుని వెళ్ళాలి.